తోడునిద్ర

అప్పలసూరి ఎక్కడైనా నిద్రపోగలడు. ఆర్టీసీ బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడే నిద్రపోయేవాడు. జనరేటరు గదిలో, చెవులు చిల్లులు పడే మోత మధ్య గోనెపట్టా పరుచుకుని అరగంట కునుకు తీసి, అప్పుడే స్నానం చేసినవాడిలా లేచి వచ్చేవాడు. భీమిలి దాటాక సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ మెదడు పరిశోధన సంస్థలో అతను పదకొండేళ్లుగా అటెండరు. అతని నిద్ర మీద అక్కడివాళ్లు వెయ్యని జోకు లేదు. ఆ నిద్రే ఒకరోజు అతనికి ఉద్యోగమవుతుందని మాత్రం ఎవరూ అనుకోలేదు.

సంస్థ డైరెక్టరు డాక్టర్ హైమవతి. వయసు నలభై ఎనిమిది. ఆవిడా, ఆవిడ దగ్గర పనిచేసే రుక్సానా అనే యువ శాస్త్రవేత్తా ఆరేళ్లు శ్రమపడి కనిపెట్టిన వైద్యానికి తోడునిద్ర అని పేరు పెట్టారు. మనిషి గాఢంగా నిద్రపోయేటప్పుడు మెదడులో ఒక నెమ్మదైన అల నడుస్తుంది. పగలంతా పేరుకున్న మలినాన్ని కడిగేది ఆ అలే. మెదడువాపు వచ్చి బతికి బయటపడిన కొందరు పిల్లల్లో ఆ అల ఆగిపోతుంది. ఇక వాళ్లకు నిద్ర ఉండదు. నెల తిరిగేసరికి మాట పోతుంది, చూపు నిలవదు. అలాంటి పిల్లల మెదడులో వేరొకరి నిద్ర తాలూకు అలను నడిపించవచ్చని హైమవతి నిరూపించింది. రెండు టోపీలు, వాటి మధ్య బీరువా అంత యంత్రం. ఒక టోపీ పెట్టుకుని ఒకరు పడుకుంటే, రెండో టోపీ కింద ఉన్న మెదడు మెలకువగా ఉండగానే శుభ్రపడుతుంది.

మొట్టమొదట పడుకున్నది పార్వతీపురం నుంచి వచ్చిన ఒక తల్లి. ఆమె కూతురికి తొమ్మిదేళ్లు. ఇరవై రోజులపాటు రోజూ మధ్యాహ్నం రెండు గంటలు తల్లి పడుకుంది. ఇరవై ఒకటో రోజు పొద్దున ఆ పిల్ల, నాలుగు నెలలుగా నోరు విప్పని పిల్ల, "అమ్మా, ఆకలేస్తంది" అంది. సంస్థలో అందరూ ఏడ్చారు. హైమవతి మాత్రం బాత్రూంలోకి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చి, తర్వాతి పిల్లాడి కాగితాలు తెమ్మంది.

ఆ తర్వాత ఆవిడకు తీరిక లేకుండా పోయింది. అనుమతులు, తనిఖీలు, ఢిల్లీ ప్రయాణాలు. ముప్పై ఒక్కమంది పిల్లల పేర్లు వరసలో ఉన్నాయి. రోజుకు పద్నాలుగు గంటల పని. నిద్ర మీద పరిశోధన చేసే మనిషి నాలుగు గంటలు నిద్రపోతే గొప్ప. అందరినీ కసురుకునేది. ఒకసారి రుక్సానా మీద ఫైలు విసిరింది. ఒకరోజు సమావేశంలో మాట్లాడుతూ మాట్లాడుతూ, కుర్చీ వెనక్కి తోసుకుని లేవబోయి కింద పడిపోయింది.

"మూడు నెలలు పూర్తి విశ్రాంతి. ఫోను కూడా ముట్టకూడదు" అన్నాడు డాక్టరు.

ఆవిడ భర్త విశ్వం కాలేజీలో లెక్కలు చెప్తాడు. ఆయన వెంటనే సెలవు పెట్టి, అరకులో ఇల్లు కూడా మాట్లాడాడు. హైమవతి వినలేదు.

"మూడు నెలలు నేను పడుకుంటే ఆ ముప్పై ఒక్కమందికి ఎవరు జవాబు చెప్తారండీ?"

"నువ్వు పోతే ఎవరు చెప్తారు?"

ఆ ప్రశ్నకు జవాబు ఆవిడకు రెండు రోజుల తర్వాత తన ప్రయోగశాలలోనే దొరికింది. రెండో టోపీ తానే పెట్టుకుంటానని రుక్సానాను పిలిచి చెప్పింది. 

"మేడం, మన అనుమతి జబ్బుపడ్డ పిల్లలకు. అదీ ఇరవై రోజులకే."

"నాకూ ఇరవై రోజులే. తేరుకున్నాక ఆపేస్తాను. నేను బాగుంటేనే కదా ఇదంతా నడిచేది?"

అది నిజమే. అందుకే రుక్సానా యంత్రం సిద్ధం చెయ్యడానికి లేచింది.

పడుకునే మనిషిని వెతుక్కోనక్కర్లేదు. యంత్రాన్ని సరిచూసేటప్పుడల్లా టోపీ పెట్టుకుని పడుకున్నది అప్పలసూరే. అంత లోతైన అల తాము ఇంకెవరిలోనూ చూడలేదని ఇద్దరికీ తెలుసు. హైమవతి అతన్ని కూర్చోబెట్టి అంతా వివరించింది. ఇష్టం లేకపోతే చెప్పెయ్యమంది, మనసులో ఏమీ పెట్టుకోనంది.

"ఇందులో ఇష్టం నేకపోడానికేటుందండి? నాను తొంగోవాల, తమరు పన్జేసుకోవాల. అంతే గదా?" అన్నాడు అప్పలసూరి. టోపీ పట్టీ గడ్డం కింద బిగించుకుంటూ నవ్వాడు. "లోకంలో ఎక్కడేనా పన్లో తొంగుంటే తీసేత్తారు. నా అదృష్టం సూడండి, తొంగోకపోతే తీసేత్తారు."

అయిదు నిమిషాల్లో గురక మొదలైంది. గాజు అద్దానికి ఇవతల హైమవతి రెండో టోపీ పెట్టుకుని కాగితాలు చదువుతూ కూర్చుంది. గంట గడిచాక, ఎన్నాళ్లుగానో కళ్ల వెనక ఉన్న బరువు కొద్దిగా కదిలినట్టు తోచింది. రెండో గంట ముగిసేసరికి కిటికీలోంచి సముద్రం కనిపించింది. అది రోజూ అక్కడే ఉంది. ఆవిడే చాలాకాలంగా చూడలేదు.

ఇరవై రోజులు నలభై అయ్యాయి. ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశారు.

హైమవతి మారిన మాట వాస్తవం. కసురుకోవడం పోయింది. వాచ్‌మన్ మోకాలి నొప్పి గురించి అడిగేది. తనకు మొదటినుంచీ భయమైన గణాంకశాస్త్రాన్ని మళ్లీ మొదటి పాఠం నుంచి నేర్చుకుంది. నలభై ఎనిమిదేళ్ల వయసులో ఈత నేర్చుకుని, పొద్దున్నే సముద్రపు ఒడ్డున నాలుగు మైళ్లు నడిచి, తొమ్మిదింటికి ఆఫీసులో తాజాగా ఉండేది. ఏడు నెలల్లో పన్నెండుమంది పిల్లలకు వైద్యం పూర్తయింది. హైదరాబాదులో సంస్థల అధిపతులకు జరిగిన ఒక సదస్సులో ఆవిడను మాట్లాడమని పిలిచారు.

"పదిమందిని నడిపించేవాళ్లు ముందు తమ ఒంటినీ మనసునూ చూసుకోవాలి. అలసిపోయిన మనిషి న్యాయంగా ఉండడం కష్టం. నేను నా అలసట వదిలించుకున్నాకే మంచి డైరెక్టర్నయ్యాను" అంది.

ఎలా వదిలించుకున్నారని ఎవరో అడిగారు.

"మధ్యాహ్నం రెండు గంటలు నాకోసం ఉంచుకుంటాను" అంది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంట్లో విశ్వానికి ఆ చప్పట్లలో పాలుపంచుకోవడం చేతకాలేదు. ఒకరోజు పొద్దున ఉప్మా తింటూ, పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"హైమా, నువ్వు ఆవులించి ఎన్నాళ్లయిందో తెలుసా?"

"మంచిదేగా?"

"ఏమో. మన పెళ్లయిన కొత్తలో బస్సెక్కితే అనకాపల్లి రాకముందే నా భుజం మీద నిద్రపోయేదానివి. చొక్కా తడిసిపోయేది. ఇప్పుడు పక్కన పడుకుంటావు, కళ్లు మూసుకుంటావు, నువ్వు మెలకువగా ఉన్నావని నాకు తెలుస్తూనే ఉంటుంది. పక్కన ఎవరో కాపలా కాస్తున్నట్టుంటుంది నాకు."

"నాకు నిద్ర అవసరం లేకుండా పోయిందండీ. మీరు నిద్రపోయాక లేచి చదువుకుంటున్నాను. మీకు బాధెందుకు?"

ఆయన పేపరు మళ్లీ తెరిచాడు.

ఏప్రిల్‌లో రుక్సానా ఒక ఫైలు తెచ్చింది. జాగ్రత్త కోసం ఆమె మొదటి నెలలోనే అప్పలసూరికి ఇంటి దగ్గర పెట్టుకోమని ఒక చిన్న పట్టీ ఇచ్చింది. అతని రాత్రినిద్ర కొలతలు అందులో నమోదవుతున్నాయి.

"మేడం, మొదటి నెలలో సూరన్నకి గాఢనిద్ర గంటన్నర ఉండేది. ఇప్పుడు పదకొండు నిమిషాలు. మధ్యాహ్నం మీకిచ్చింది రాత్రి తిరిగి రావడం లేదు. మీకు వెళ్తున్నది అతను మిగుల్చుకున్నది కాదు మేడం, అతనికి కావలసిందే."

హైమవతి ఫైలంతా చూసింది. నలభై నిమిషాలు మాట్లాడింది. పట్టీ వదులుగా ఉంటే కొలత తప్పవచ్చు. ఒక్క మనిషిని చూసి ఏమీ తేల్చలేం. నలభై దాటాక గాఢనిద్ర అందరికీ తగ్గుతుంది. ఒక్కో లెక్కా తీసి, కొత్తగా నేర్చుకున్న గణాంకశాస్త్రంతో పక్కన పెట్టింది. గొంతు ఒక్కసారి కూడా పెంచలేదు. చివర్లో రుక్సానాకు టీ కూడా తెప్పించింది.

రుక్సానా టీ తాగలేదు. "ఒక మాట అననా మేడం? ఇదివరకు మీరు అలసిపోయి నన్ను తిట్టేవారు. కానీ మర్నాడు పిలిచి, నిన్న నువ్వేదో అన్నావే, మళ్లీ చెప్పు అనేవారు. ఇప్పుడు తిట్టడం లేదు. పిలవడమూ లేదు."

"నాకు జవాబు తెలిసినప్పుడు పిలవడమెందుకు, రుక్సానా?" అంది హైమవతి ఆప్యాయంగా.

మే నెలలో ఒక మధ్యాహ్నం అప్పలసూరి భార్య నూకరత్నం సంస్థకు వచ్చింది. ఆమె ఊళ్లో బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. వంట ముగించుకుని, పొగ వాసన వేస్తున్న చీరతోనే వచ్చింది. డైరెక్టరు గదిలో కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"మా ఆయన సంగతి సెప్దారని ఒచ్చానమ్మా. ఇంటికాడ కూకోని గోడకేసి సూత్తాడు. కూరలో ఉప్పేసి మళ్లీ ఉప్పేత్తాడు. మొన్న సంతకెల్లి ఇంటికి దారి తెలీక మా మరిదికి ఫోను సేసినాడు. ఏటయ్యా అంటే ఏటీ నేదంటాడు. మీకాడ పని మానమంటే నా మీద ఇరుసుకుపడతాడు."

హైమవతి నిజంగానే కంగారుపడింది. అప్పటికప్పుడు అప్పలసూరికి పదిహేను రోజులు సెలవిచ్చింది. కంటి డాక్టరుకూ నరాల డాక్టరుకూ ఉత్తరాలు రాసిచ్చింది. నూకరత్నం దణ్ణం పెట్టి వెళ్లింది.

మొదటి రోజు సాయంత్రానికి హైమవతికి మెడ లాగింది. రెండో రోజు అక్షరాలు అలుక్కుపోయాయి. రుక్సానా వేరే కుర్రవాణ్ణి పడుకోబెట్టింది కానీ అతనిది పైపైన తేలే నిద్ర. మూడో రోజు ఢిల్లీ నుంచి బృందం వస్తోంది. వరసలో కొత్తగా చేరిన మరో పద్దెనిమిది మంది పిల్లలకు అనుమతి ఆ రోజే తేలాలి. పొద్దున గేటు ఆలస్యంగా తీశాడని వాచ్‌మన్ మీద అరిచింది. గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ఫోను తీసింది.

"సూరీ, ఇవాళ ఒక్కరోజు రాగలవా? ఈ మీటింగయ్యాక మళ్లీ సెలవు తీసుకుందువు గాని."

"ఒచ్చేత్తన్నానండి" అన్నాడు అప్పలసూరి. అతని గొంతులో సంతోషం వినిపించింది. పది గంటలకే వచ్చాడు. అనుమతి దొరికింది. సెలవు మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

సెప్టెంబరులో ఒక ఆదివారం పొద్దున, మర్చిపోయిన ఫైలు కోసం హైమవతి సంస్థకు వచ్చింది. వరండాలో సిమెంటు బెంచీ మీద అప్పలసూరి కూర్చుని ఉన్నాడు. యూనిఫాం వేసుకున్నాడు. గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. కళ్లు ఎర్రగా, రెప్ప వెయ్యకుండా ఉన్నాయి.

"సూరీ, ఇవాళ ఆదివారం కదా?"

"అవునాండి?" అన్నాడు. కాసేపు ఆలోచించాడు. "నిద్దర ఎక్కడెట్టేసేనో కనపడ్డం నేదండి మేడంగోరూ. ఇల్లంతా ఎతికేసినాను. ఇక్కడ మంచం మీద ఒగ్గేసినానేమోనని ఒచ్చాను."

జోకు వేస్తున్నాడేమోనని ఆవిడ అతని ముఖంలోకి చూసింది. కాదు.

చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. మంచం మీద పడుకోబెట్టి టోపీ పెట్టి, తాను తెర ముందు కూర్చుంది. అప్పలసూరి బుద్ధిగా కళ్లు మూసుకున్నాడు. తెర మీద గీత ఎత్తుపల్లాలు లేకుండా తిన్నగా సాగింది. గంట గడిచినా అంతే. ఆ గీతను హైమవతి ఇదివరకు చాలాసార్లు చూసింది. మెదడువాపు వచ్చిన పిల్లలందరిదీ ఇదే గీత. ఇలాంటి గీతను పైకి లేపడానికే తన జీవితంలో ఆరేళ్లు ఇచ్చింది.

అల్మరాలోంచి ఏప్రిల్ నాటి ఫైలు తీసి చదివింది. అందులో తప్పు ఒక్కటీ లేదు. అప్పుడు తాను చెప్పిన జవాబులు కూడా జ్ఞాపకం వచ్చాయి. ఎంత చక్కటి జవాబులు!

ఫోను చేస్తే రుక్సానా వచ్చింది, నూకరత్నం వచ్చింది. హైమవతి దాచకుండా చెప్పింది. ఏం జరిగిందో, ఎప్పుడు తెలిసిందో, తెలిసీ తానేం చేసిందో. నూకరత్నం గోడకు ఆనుకుని విన్నది. ఏడవలేదు.

"మీ కోసరం తొంగుంటన్నాడని నాకు సెప్పాడమ్మా. మా మేడంగోరు అంతమంది పిల్లల్ని బతికిత్తన్నారే, అందులో సగం నాదే అనీవోడు. ఊరంతా అదే సెప్పుకున్నాడు." కొంగు బిగించి దోపుకుంది. "సరే, అయిందేదో అయింది. ఇప్పుడు తమరు తొంగోండి. ఆయన్ది ఆయనకిచ్చీండి."

హైమవతికి కూడా ముందుగా తట్టింది అదే. ఆ మధ్యాహ్నమే అప్పలసూరి మంచం మీద తాను పడుకుంది. అతన్ని గాజు అద్దానికి ఇవతల తన కుర్చీలో కూర్చోబెట్టారు. కళ్లు మూసుకుంది. ఫ్యాను చప్పుడు, సముద్రం హోరు, తన గుండె కొట్టుకోవడం, అన్నీ విడివిడిగా వినపడుతున్నాయి. రెండు గంటలు గడిచాయి. రుక్సానా వచ్చి టోపీ విప్పింది. ఆమె ముఖం చూస్తేనే తెలిసిపోయింది.

"రేపు చూద్దాం" అంది హైమవతి.

మర్నాడూ అంతే. అయిదు రోజులు ప్రయత్నించారు. నిద్రమాత్రలు వేసుకుంటే మత్తుగా పడి ఉండేది కానీ ఆ అల రాలేదు. పద్నాలుగు నెలలు వేరేవాళ్లు చేసిపెట్టిన పనిని ఆవిడ మెదడు మర్చిపోయింది. ఆరో రోజు ఆవిడ మంచం దిగి నేల మీద కూలబడింది. అద్దం అవతల అప్పలసూరి లేచి నిలబడ్డాడు.

"ఏటైందండి? మంచం బాగోనేదా? దుప్పటి తెమ్మంటారా?"

హైమవతి అప్పుడు ఏడ్చింది.

ఆ మర్నాటి నుంచి అప్పలసూరి కోసం తక్కినవాళ్లు పడుకున్నారు. వాళ్లను ఎవరూ అడగలేదు. ముందు రుక్సానా, తర్వాత వాచ్‌మన్, క్యాంటీన్‌లో వంట చేసే ఆవిడ, ఇద్దరు విద్యార్థులు. ఒక్కొక్కరికి నాలుగు రోజులకు మించనివ్వలేదు రుక్సానా. నూకరత్నం కూడా పడుకుంది. నాలుగింటికే లేచి పొయ్యి రాజేసే మనిషి, ఆమెది చప్పుడైతే చెదిరే నిద్ర. ఉన్నంత ఇచ్చింది. రెండు నెలలకు అప్పలసూరి గుండీలు సరిగ్గా పెట్టుకోగలిగాడు. వీధి చివరి కొట్టుకు వెళ్లి తిరిగి రాగలిగాడు. అంతకు మించి ముందుకు కదల్లేదు. ఎదిగే పిల్లల మెదడు ఒకసారి దారి చూపిస్తే అందుకుంటుంది. నలభై దాటిన అతనిది అందుకోలేకపోయింది.

సంస్థను నడిపే ట్రస్టు అధ్యక్షుడు భద్రరాజు గారు హైమవతిని ఇంటికి పిలిపించుకున్నారు.

"పిల్లల వైద్యంలో ఒక్క దోషం లేదమ్మా. మీ సంగతి అందులో భాగమే కాదు. అతన్ని జీవితాంతం మనం చూసుకుందాం. దీన్ని కాగితం మీద పెట్టకండి. పెడితే మొత్తం ఆగిపోతుంది."

రుక్సానా కూడా, తలవంచుకుని, అదే అడిగింది. "ఇంకా పంతొమ్మిదిమంది ఉన్నారు మేడం. వాళ్లు అయ్యాక రాస్తే?"

హైమవతికి ఇప్పుడు అలసట తిరిగొచ్చింది. పద్నాలుగు నెలల బాకీ ఒక్కసారే వచ్చిపడ్డట్టు, కుర్చీలోంచి లేవడానికి బల్ల పట్టుకోవలసి వస్తోంది. మాట కోసం వెతుక్కుంటోంది.  ఇంటికి వెళ్లి, రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు రుక్సానాను పిలిచింది.

"మొన్న నువ్వన్నది మళ్లీ చెప్పు" అంది. రుక్సానా చెప్పింది. ఆవిడ మొత్తం విన్నది.

"నువ్వన్నదాంట్లో తప్పు లేదు. కానీ ఆ పిల్లల తల్లులున్నారే, ఇరవై రోజులు చాలకపోతే ఇంకో ఇరవై పడుకుంటామంటారు. అప్పటికీ చాలకపోతే ఏడాది పడుకుంటారు. మనం అడిగితే కాదనరు. సూరి కూడా కాదనలేదు. పడుకునేవాళ్లకు ఏమవుతుందో తెలియకుండా మనం ఇక ఎవరినీ అడగకూడదు."

నివేదిక తన పేరుతోనే రాసింది. ఏప్రిల్ ఫైలు సంగతి, తాను దాన్ని తోసిపుచ్చిన సంగతి, సెలవులో ఉన్నవాణ్ణి వెనక్కి పిలిచిన సంగతి, అన్నీ రాసింది. రాజీనామా కూడా దాంతోపాటే పంపింది.

భద్రరాజు గారు చెప్పినట్టే అయింది. నిపుణుల సంఘం తోడునిద్రను రెండేళ్లపాటు ఆపేసింది. చలికాలం దాటకముందే ఆ పంతొమ్మిదిమందిలో ఇద్దరు పిల్లలు పోయారు. వాళ్లలో ఒకరి తండ్రి చిరునామా వెతుక్కుంటూ హైమవతి ఇంటికి వచ్చాడు. గేటు దగ్గరే నిలబడ్డాడు.

"నేను పడుకుంటానన్నాను కదమ్మా. నాకేమైనా పర్వాలేదని సంతకం కూడా పెడతానన్నాను. ఎందుకు ఆపేశారు?"

ఆవిడ చెప్పడానికి ప్రయత్నించింది. ఆయన చివరిదాకా విని వెళ్లిపోయాడు. విశ్వం ఆవిడను పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు. ఆయన ఇప్పుడు పొద్దున్నే కాఫీ కలిపి, ఆవిడ తాగేదాకా ఎదురుగా కూర్చుంటాడు. ఒకటి రెండు గంటలు కళ్లు మూతపడిన రోజున, ఆ సంగతి ఆవిడకు చెప్పి సంతోషిస్తాడు.

సంస్థ బాధ్యత రుక్సానాకు అప్పగించారు. ఆమె ఒకసారి వచ్చి, తనకు భయంగా ఉందనీ ఏం చెయ్యమంటారనీ అడిగింది.

"అలుపొస్తే ఇంటికెళ్లిపో. పని ఆగితే ఆగనీ. నీ అలుపు నీదే, ఎవరికీ ఇవ్వకు" అంది హైమవతి. రుక్సానా సాయంత్రం ఆరింటికల్లా గది తాళం వేసుకుని వెళ్లిపోతోందని తర్వాత విన్నది.

ప్రతి గురువారం మధ్యాహ్నం హైమవతి బస్సులో అప్పలసూరి ఇంటికి వెళ్తుంది. కారు నడపడానికి ఆవిడ కళ్లు ఇప్పుడు పనికిరావు. నూకరత్నం బడికి వెళ్లి వచ్చేదాకా అతనికి తోడుగా ఉంటుంది. మొదట్లో నూకరత్నం వద్దంది. తర్వాత, మనిషి కావాలి కాబట్టి, తాళంచెవి ఇచ్చింది. మన్నించానని మాత్రం ఎప్పుడూ అనలేదు.

మొదటి గురువారం అప్పలసూరి ఆవిడను చూడగానే లేచి నిలబడ్డాడు. ఎవరో గుర్తుపట్టాడు. మొహం వెలిగిపోయింది.

"మేడంగోరూ, రేపట్నించి రమ్మంటారేటండి?"

"లేదు సూరీ. ఇక ఆ పని లేదు" అంది ఆవిడ. నిజం చెప్పడం ఒక్కటే తాను చెయ్యగలిగింది అనుకుంది.

అప్పలసూరి కూర్చుండిపోయాడు. "నానేటి తప్పు సేసినానండి?" అని అడిగాడు. ఆ తర్వాత మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టాడు. నూకరత్నం వచ్చేదాకా ఆపలేదు. ఆమె హైమవతిని పెరట్లోకి తీసుకెళ్లింది.

"అలాగనకండమ్మా. పని నేదంటే మూడ్రోజులు కూడు ముట్టడు. ఎల్లుండి రమ్మనండి. ఎల్లుండికి మరిసిపోతాడు."

"ప్రతిసారీ అబద్ధం చెప్పమంటావా రత్నమ్మా?"

"ఆయనకి తమరు ఇయ్యగలిగింది ఇంకేటుందమ్మా?" అంది నూకరత్నం. బిందె ఎత్తుకుని కుళాయి దగ్గరికి వెళ్లిపోయింది.

అందుకని తర్వాతి గురువారం అతను అడిగినప్పుడు హైమవతి, "ఎల్లుండి రా సూరీ" అంది. ఆ పై గురువారం కూడా అదే. ఇప్పటికి ఎన్ని గురువారాలో.

"అలాగేనండి. అయితే ఇప్పుడే కాసేపు తొంగుంటాను. పన్లోకొచ్చీసరికి అలవాటు తప్పకూడదు గదండి" అంటాడు అప్పలసూరి. చాప పరుచుకుని, కాళ్లు తిన్నగా చాపుకుని, చేతులు పొట్ట మీద పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. మూసిన రెప్పల కింద కళ్లు కదులుతూనే ఉంటాయి. నిద్రపోతున్నానని ఆవిడ అనుకోవాలని, కాసేపటికి మెల్లగా గురక పెడతాడు.

హైమవతి గోడకు చేరగిలబడి, బస్సు వేళయ్యేదాకా ఆ గురక వింటూ కూర్చుంటుంది.